ఇనబడుతుంది, సమజైతలేదు: మా పసుపు గదిలో స్పీకర్ల పాఠం

మన పత్రికలో కవితలు, కథలే ఎక్కువగా వస్తాయి. లెక్కలున్న వ్యాసం వేసుకుంటారా అని అడిగితే ఎడిటర్ అన్న, "తెలుగులో రాయి, చాలు" అన్నాడు. అందుకే ధైర్యం చేస్తున్నా. చిన్న గదిలో హోమ్ థియేటర్‌కు స్పీకర్లు ఎలా ఎంచుకోవాలన్నది విషయం. నేను ఇది పుస్తకంలో మొదలుపెట్టలేదు. ముందు ఒక తప్పు చేసి, డబ్బులు పోగొట్టుకుని, తర్వాత పుస్తకం తెరిచాను. ఆ వరుసలోనే చెప్తాను.

మాది ఆర్మూర్. జనవరి నుంచి మా వైపు పసుపు తవ్వుతారు. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి, బస్తాలకెత్తి, ధర చూసుకుని నిజామాబాద్ యార్డుకో, మహారాష్ట్రలోని సాంగ్లీకో పంపుతారు. ధర కుదిరేదాకా ఆ బస్తాలు మా ఇంటి వెనక గదిలో ఉండేవి. పోయినేడు బాపు పొలం దగ్గర రేకుల షెడ్డు వేయించడంతో గది ఖాళీ అయింది. టైల్స్ వేయించి, రంగు కొట్టించి, టీవీని అందులోకి మార్చాం. "గిప్పుడు మనకు సొంత టాకీస్" అన్నాడు బాపు.

దసరా ఆఫర్లలో తొమ్మిది వేలు పెట్టి నేనే ఒక 5.1 సెట్టు తెచ్చాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 10,000 వాట్లు అని ఉంది. బిగించిన రోజు ఊళ్లో వినాయక మండపం మా ఇంటికే వచ్చినట్టుంది. చిన్నపిల్లలు ఎగిరారు. బాపమ్మ మాత్రం పది నిమిషాలు కూర్చుని లేచిపోయింది. మర్నాడు కూడా అంతే. తర్వాత రావడమే మానేసింది. మేమంతా వెనక గదిలో సినిమా చూస్తుంటే ఆమె ముందు అరుగు మీద ఒక్కతే కూర్చునేది.

ఒకరోజు అడిగాను. "ఎందుకు వస్తలేవు బాపమ్మా? సౌండ్ ఇంకా పెంచాల్నా?"

"ఇనబడుతుందిరా. సమజైతలేదు."

ఈ వ్యాసమంతా ఆ రెండు ముక్కల మధ్య తేడా గురించే.

మొదటి పాఠం: డబ్బా మీది అంకె

ముందు ఆ 10,000 వాట్ల సంగతి చూద్దాం. సెట్టును తిప్పి వెనకున్న చిన్న స్టిక్కర్ చదివాను. కరెంటు ఎంత తీసుకుంటుందో అక్కడ రాసి ఉంది: 80 వాట్లు. 80 వాట్లు తీసుకునేది 10,000 వాట్లు ఎలా ఇస్తుంది? శక్తి నిత్యత్వ నియమం ఇంటర్‌లోనే చదివాం కదా. డబ్బా మీద ఉన్నది పీఎంపీఓ అనే లెక్క. దానికి ప్రామాణికమైన కొలత పద్ధతి అంటూ ఏదీ లేదు, అమ్మేవాళ్లకు నచ్చిన అంకె వేసుకోవచ్చు. మనం చూడాల్సింది ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్. అది కూడా ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో ఇస్తుందో రాసి ఉంటేనే నమ్మాలి.

మరి ఒక చిన్న గదికి నిజంగా ఎన్ని వాట్లు కావాలి? ఇక్కడ సెన్సిటివిటీ అనే అంకె పనికొస్తుంది. స్పీకర్‌కు 1 వాట్ ఇచ్చి, 1 మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నదే సెన్సిటివిటీ. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు ఇది 85 నుంచి 88 దాకా ఉంటుంది. 86 అనుకుందాం. మనం కూర్చునేది 7 అడుగుల దూరంలో, అంటే 2.1 మీటర్లు. దూరం వల్ల 6 డెసిబెల్స్ పైచిలుకు తగ్గి దాదాపు 80 వస్తాయి. అంటే ఒక్క వాట్‌కే 80 డెసిబెల్స్! ఇంట్లో మాటలు హాయిగా వినడానికి 70 సరిపోతాయి. పవర్ పదో వంతైతే 10 డెసిబెల్స్ తగ్గుతాయి కాబట్టి మాటలకు కావలసింది 0.1 వాట్. సినిమాలో హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దాలు మాటల కంటే 20 డెసిబెల్స్ ఎక్కువ ఉంటాయనుకుంటే వాటికి 10 వాట్లు. 30 నిజమైన వాట్లున్న ఆంప్లిఫయర్ అయినా మా గదికి దండిగా సరిపోతుంది.

పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు పెద్దగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల పవర్ కావాలి. కాబట్టి 50 వాట్లదా, 100 వాట్లదా అని షాపులో తల పట్టుకోవడం అనవసరం. ఆ తేడా చెవికి కొంచెమే తెలుస్తుంది.

అంటే బాపమ్మ సమస్య సౌండ్ చాలకపోవడం కాదు.

రెండో పాఠం: కంది, పంది, నంది, మంది

నిజామాబాద్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పరీక్ష చేసి గ్రాఫ్ చేతికిచ్చారు. తక్కువ పౌనఃపున్యాల దగ్గర బాపమ్మ వినికిడి కాస్తే తగ్గింది. 2,000 హెర్ట్జ్ దాటాక గీత గుట్ట దిగినట్టు కిందికి పోయింది. వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా ఇలాగే, పై పౌనఃపున్యాల నుంచి మొదలవుతుందట.

తెలుగు క్లబ్బు వాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఇక్కడే ఉంది. మన అచ్చుల బలం ఎక్కువగా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, శ, చ, త, ప, క లాంటి హల్లుల గుర్తింపు చాలావరకు 2,000 హెర్ట్జ్ పైన ఉండే చిన్న చిన్న శబ్దాల మీద ఆధారపడుతుంది. స అనే శబ్దం బలమైతే 4,000 దాటాకే ఎక్కువ. మాటకు గట్టిదనం ఇచ్చేది అచ్చు, అర్థాన్ని విడదీసేది హల్లు. అచ్చులు బాగా వినబడుతూ హల్లులు జారిపోతే ఎలా ఉంటుంది? "ఇనబడుతుంది, సమజైతలేదు." బాపమ్మ ఎంత కరెక్టుగా చెప్పిందో నాకు అప్పుడు అర్థమైంది.

పాలు, కాలు, తాలు. కంది, పంది, నంది, మంది. పాట, మాట, బాట. రెండో అక్షరం ఒక్కటే, మొదటి హల్లు మారితే అర్థం మారుతుంది. ప్రాసకు పనికొచ్చే ఇలాంటి జంటలు పద్యం రాసేవాడికి వరం, బాపమ్మ చెవికి మాత్రం పరీక్ష. పసుపు అనే మాటనే చూడండి. అందులో రెండు ప లు, ఒక స. మూడూ బలహీనమైన శబ్దాలే. జీవితమంతా పసుపు పండించిన మనిషికి ఆ మాటే సరిగ్గా వినబడకపోవడం నాకు బాధనిపించింది.

ఇప్పుడు నేను తెచ్చిన సెట్టు సంగతి. అందులో పెద్దగా మోగేది బేస్ డబ్బా. కింది శబ్దాలు బలంగా ఉంటే అవి తమకంటే పై పౌనఃపున్యాల్లో ఉన్న చిన్న శబ్దాలను కప్పేస్తాయి. దీన్ని మాస్కింగ్ అంటారు. మంచి చెవులకూ ఇది జరుగుతుంది, వయసు మీద పడ్డ చెవికి ఇంకా ఎక్కువ. వాల్యూమ్ పెంచితే హల్లులతో పాటు వాటిని కప్పేసేదీ పెరుగుతుంది. నేను ప్రేమతో చేసిన పని సరిగ్గా అదే.

మూడో పాఠం: బస్తాలు పోయాక గది ఏమైంది?

ఒక విషయం నాకు ముందే తట్టాల్సింది. బస్తాలున్న రోజుల్లో అదే గదిలో ఫోన్ మాట్లాడితే గొంతు మెత్తగా, దగ్గరగా ఉండేది. ఇప్పుడు టైల్స్ వేశాక చప్పట్లు కొడితే గది 'టంగ్' మంటూ పాడుతోంది. గోడలు అవే, కప్పు అదే. పోయింది బస్తాలే.

దీనికి 130 ఏళ్ల చరిత్ర ఉంది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్ కట్టారు. లోపల ఏం చెప్పినా ఎవరికీ అర్థం కాలేదు. దాన్ని బాగుచేయమని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించి, హాల్లో కొన్ని కొన్నిగా పేర్చి, ఒక ఆర్గాన్ గొట్టం ఊది, శబ్దం ఆగిపోయేదాకా ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచారు. ఖాళీ హాల్లో ఆ కాలం 5 సెకన్లు దాటింది. మెత్తలు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. దాన్నుంచి వచ్చిందే సబైన్ సూత్రం:

ప్రతినాద కాలం = 0.161 × గది ఘనపరిమాణం ÷ మొత్తం శోషణ

ఘనపరిమాణం ఘనపు మీటర్లలో, శోషణ చదరపు మీటర్లలో. శోషణ అంటే ఒక్కో ఉపరితల వైశాల్యాన్ని దాని శోషణ గుణకంతో గుణించి కూడితే వచ్చేది. సబైన్ మెత్తలు మోయించారు, మా ఇంట్లో హమాలీలు పసుపు బస్తాలు మోశారు. ప్రయోగం ఒకటే, మాది తెలియకుండా తిరగేసి చేశాం.

మా గది 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు. మీటర్లలో 3.66, 3.05, 3.05. ఘనపరిమాణం 34. గోడలు, కప్పు, నేల కలిపి ఉపరితలం 63 చదరపు మీటర్లు. సిమెంటు ప్లాస్టర్, టైల్స్ గుణకం సగటున 0.03 అనుకుంటే శోషణ 1.9. అప్పుడు ప్రతినాద కాలం 2.9 సెకన్లు! తలుపు, కిటికీ, మంచం, నలుగురు మనుషులను కలిపితే 2 సెకన్ల లోపుకు దిగొచ్చు. మాటలు స్పష్టంగా వినడానికి ఇంత చిన్న గదిలో అర సెకను దగ్గర ఉండాలి. చిన్న గదుల్లో సబైన్ సూత్రం అంత కచ్చితంగా పనిచేయదు కానీ, ఎటు పోవాలో చెప్పడానికి చాలు. ఒక అక్షరం తోక తగ్గకముందే తర్వాతి నాలుగు అక్షరాలు వచ్చిపడుతుంటే బాపమ్మ మాత్రం ఏం చేస్తుంది?

అర సెకను కావాలంటే శోషణ 11 లేదా 12 ఉండాలి. అటక మీద రెండు పాత దూది పరుపులున్నాయి. చెక్క ఫ్రేముల్లో నిలబెట్టి, పైన గుడ్డ కప్పి వెనక గోడకు ఆనించాం. పక్క గోడలకు నాలుగు మందపాటి బొంతలు, గోడకు బెత్తెడు దూరం ఉండేలా వేలాడదీశాం. ఆ ఖాళీ ముఖ్యం. గోడకు అంటుకున్న పల్చటి గుడ్డ పై శబ్దాలనే పీల్చుకుంటుంది. మందం, వెనక ఖాళీ పెరిగేకొద్దీ కింది శబ్దాల మీద కూడా పని చేస్తుంది. నేల మీద జంపఖానా పరిచాం. ఈ మొత్తం లెక్క వేస్తే 0.5 దగ్గరికి వచ్చింది.

బొంతలు గోడ మీద ఎక్కడ? మీరు కూర్చునే చోట కూర్చోండి, ఒకరు పక్క గోడ వెంట అద్దం జరుపుకుంటూ పోవాలి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనబడితే అక్కడే బొంత. కరెంటు బోర్డులు, వేడెక్కే పెట్టెల దగ్గర మాత్రం దూది, గుడ్డ పెట్టకండి.

నాలుగో పాఠం: ఢం ఢం ఎక్కడిది?

బేస్ సంగతి వేరు. బొంతలతో అది లొంగదు. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని బట్టి కొన్ని పౌనఃపున్యాల దగ్గర గది అనునాదం చేస్తుంది. శబ్ద వేగాన్ని ఆ దూరానికి రెట్టింపుతో భాగిస్తే మొదటిది వస్తుంది. వేగం సెకనుకు 346 మీటర్లు అనుకుంటే 12 అడుగులకు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 57 హెర్ట్జ్. మా గది వెడల్పు, ఎత్తు రెండూ 10 అడుగులే. అంటే 57 దగ్గర రెండు అనునాదాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సినిమాలో ఏ డప్పు కొట్టినా ఒకే 'ఢం' రావడానికి కారణం అదే. డప్పుది కాదు, గదిది. ఇల్లు కట్టేటప్పుడు ఎవరైనా అడిగితే పొడవు, వెడల్పు, ఎత్తు ఒకదానికొకటి సమానంగానో రెట్టింపుగానో లేకుండా చూసుకోమని చెప్పండి.

కట్టిన గదిలో మన చేతుల్లో ఉన్నది రెండు: స్పీకర్ చోటు, మనిషి చోటు. ఈ అనునాదాల పీడనం గోడల దగ్గర ఎక్కువ, మొదటిదైతే సరిగ్గా గది మధ్యలో చాలా తక్కువ. బాపమ్మ మంచం వెనక గోడకు ఆనుకుని ఉండేది, అంటే ఢం ఢం బాగా ఎక్కువుండే చోటు. బేస్ డబ్బా మూలన ఉండేది, అంటే అన్ని అనునాదాలనూ ఒకేసారి లేపే చోటు. మంచాన్ని వెనక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు, అంటే 4 అడుగులు ముందుకు జరిపాం. డబ్బాను మూల నుంచి తీశాం. ఖర్చు సున్నా.

ఐదో పాఠం: బాపమ్మ పెట్టిన పరీక్ష

ఇంత చేశాక నిజంగా తేడా ఉందా, లేక నాకే అలా అనిపిస్తోందా? 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు శబ్ద శాస్త్రవేత్తలు ఒకే స్పీకర్లను మనుషులకు చూపిస్తూ ఒకసారి, తెర వెనక దాచి ఒకసారి వినిపించారు. చూసినప్పుడు ఇచ్చిన మార్కులు వేరు, చూడకుండా ఇచ్చినవి వేరు. డబ్బా పెద్దదైతే, పేరున్నదైతే చెవి కూడా దానికే ఓటేస్తుంది. అందుకే కొలవాలనుకున్నాను.

పైన చెప్పినలాంటి మాటలు 60 రాసుకున్నా. 20 చొప్పున మూడు జాబితాలు, ఎందుకంటే ఒకే జాబితా మళ్లీ పెడితే బాపమ్మ గుర్తుపెట్టుకుంటుంది. ఫోన్‌లో నా గొంతుతో రికార్డు చేసి, ఫోన్ మీటర్ యాప్‌తో ప్రతిసారీ ఒకే స్థాయి ఉండేలా చూసి, స్పీకర్లలో వినిపించా. ఆమె విన్నది తిరిగి చెప్పాలి.

గది ఉత్తగా ఉన్నప్పుడే మొదటి జాబితా పెట్టాను. 20కి 9. బొంతలు కట్టి, మంచం జరిపి, అదే తొమ్మిది వేల సెట్టుతో రెండోది పెట్టాను. 20కి 14. ఒక్క కొత్త స్పీకర్ కూడా కొనలేదింకా.

మధ్యలో ఒక గొడవ. "చాలు" అని వినిపిస్తే బాపమ్మ "సాలు" అంది. తప్పు వేయబోయా. "సాలు అంటే సాలే కదరా, నువ్వే పట్నం మాట మాట్లాడవడ్తివి" అంది. మా వైపు చాలు ను సాలు అనే అంటాం. మా ఇంటి భాషను మరిచి జాబితా రాసింది నేను. మార్కు వేసి, అలాంటి జంటలు తర్వాతి జాబితాలోంచి తీసేశా.

ఇది ఒకే మనిషి మీద చేసిన పరీక్ష, దీన్ని పేపర్‌గా రాయలేం. కానీ మా ఇంట్లో నిర్ణయం తీసుకోవడానికి అది చాలు.

ఆరో పాఠం: ఇప్పుడు స్పీకర్లు

పసుపు అమ్మిన డబ్బుల్లోంచి బాపు 35 వేలు ఇస్తానన్నాడు. "ఈసారన్న ఆలోచించి తే" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. అందుకే కాగితం మీద రాసుకుని కొన్నాను.

5.1 అంటే ముందు ఎడమ, కుడి, మధ్య, వెనక రెండు, ఆపై కింది శబ్దాలకు ఒకటి. ఆరింటికీ డబ్బు పంచితే ఆరూ నాసిరకమే వస్తాయి. సినిమా మాటలు చాలావరకు మధ్య స్పీకర్ నుంచే వస్తాయి. ఇద్దరే కూర్చుని, సరిగ్గా మధ్యలో ఉంటే ఎడమ, కుడి రెండు స్పీకర్లే చాలు, మాట మధ్యలోంచే వస్తున్నట్టు ఉంటుంది. కానీ బాపమ్మ మంచం ఎడమ పక్కన ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకు ఆ భ్రమ చెదిరి, మాట దగ్గరి స్పీకర్‌కు అతుక్కుపోతుంది. పైగా మధ్య స్పీకర్ విడిగా ఉంటే రిసీవర్‌లో దాని స్థాయి ఒక్కటే 3, 4 డెసిబెల్స్ పెంచుకోవచ్చు, సంగీతం, పేలుళ్లు పెరగవు. కాబట్టి మా ఇంటికి ముందు మూడు స్పీకర్లు ముఖ్యం, వెనకవి తర్వాత.

మధ్య స్పీకర్ పేరుతో అడ్డంగా ఉండేవి అమ్ముతారు. చాలావాటిలో ట్వీటర్‌కు అటూ ఇటూ రెండు వూఫర్లుంటాయి. పక్కన కూర్చున్నవాళ్లకు ఆ రెండు వూఫర్ల దూరాలు వేరు కాబట్టి కొన్ని పౌనఃపున్యాల దగ్గర శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అదీ మాటలుండే మధ్య భాగంలోనే. అందుకే మధ్యలో కూడా మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్‌నే నిలువుగా పెట్టాలని నిర్ణయించాను. మూడూ ఒకే రకమైతే గొంతు ఎటు కదిలినా రంగు మారదు.

ఇక ఎంచుకునేటప్పుడు చూసినవి:

వూఫర్ సైజు 5 నుంచి 6.5 అంగుళాలు. మా అంత గదికి ఎత్తైన టవర్లు అనవసరం, వాటి బేస్ ఆ 57 హెర్ట్జ్‌కు ఇంకా తిండి పెడుతుంది.

పౌనఃపున్య విస్తృతి. 50 నుంచి 20,000 అని ఊరికే రాస్తే అర్థం లేదు. ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ లోపల అని రాసి ఉండాలి. హెచ్చుతగ్గులు ఎంతో చెప్పని విస్తృతి, తూకం చెప్పని బస్తా లాంటిది.

ఇంపెడెన్స్. 4, 6, 8 ఓమ్‌లలో ఏది తీసుకున్నా ఆంప్లిఫయర్ వెనక రాసిన కనిష్ఠానికి తగ్గకూడదు. తగ్గితే ఎక్కువ కరెంటు లాగి ఆంప్లిఫయర్ వేడెక్కుతుంది.

పెట్టెకు వెనక రంధ్రం ఉందా లేదా. రంధ్రమున్న పెట్టెను గోడకు దగ్గరగా పెడితే బేస్ ఉబ్బుతుంది. అలాంటిదే దొరికితే రంధ్రంలో ఒక పాత సాక్సు దోపి వినండి. చాలాసార్లు అదే పరిష్కారం.

వైరు. 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు 5 మీటర్లకు, రాను పోను కలిపి, నిరోధం 0.12 ఓమ్. 8 ఓమ్‌ల ముందు అది లెక్కలోకి రాదు. బంగారు పూత వైర్లకు పెట్టే డబ్బు బొంతలకు పెట్టండి.

వినేటప్పుడు సినిమా పోరాటం పెట్టించుకోకండి. ఆ దృశ్యానికి ఏ స్పీకరైనా గొప్పగానే ఉంటుంది. మీకు బాగా తెలిసిన గొంతు పెట్టించండి. నేను ఒక తెలుగు వార్తల క్లిప్పు, నా మాటల జాబితా తీసుకెళ్లా. రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు సౌండ్ సమానం చేయించండి. కొంచెం పెద్దగా మోగేదే బాగున్నట్టు అనిపించడం మనందరి బలహీనత.

చివరికి హైదరాబాద్‌లో పాత రిసీవర్ ఒకటి 14 వేలకు, వాడిన బుక్‌షెల్ఫ్ స్పీకర్లు రెండు జతలు 16 వేలకు దొరికాయి. వైరు, స్టాండ్లకు 2 వేలు. మిగిలిన 3 వేలు బాపు చేతిలో పెట్టా. జతల్లోనే అమ్ముతారు కాబట్టి నాలుగో స్పీకర్ అటక మీద ఉంది. "గదేంది మరి?" అని బాపు వచ్చినప్పుడల్లా అడుగుతాడు. దానికి ఇంకో జోడు దొరికితే వెనక స్పీకర్లవుతాయి.

సబ్‌వూఫర్ కొనలేదు. రిసీవర్ సెట్టింగులో సబ్‌వూఫర్ లేదని చెప్పాలి, లేకపోతే కింది శబ్దాలు లేని డబ్బాకు పోయి మాయమవుతాయి. ఎడమ, కుడి స్పీకర్లు, వినేవాళ్లు సమబాహు త్రిభుజంలా ఉండాలి. ట్వీటర్లు కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ఉండాలి. మధ్యది టీవీ కింద ఉంటే కాస్త పైకి వంచాలి. రిసీవర్‌లో నైట్ మోడ్ ఉంటే ఆన్ చేయండి, పెద్ద శబ్దాలకూ చిన్న శబ్దాలకూ మధ్య దూరం తగ్గుతుంది.

మూడో జాబితా పెట్టాను. 20కి 17.

ఏ స్పీకరూ చెవిని బాగుచేయదు. డాక్టరు వినికిడి మిషన్ పెట్టుకోమన్నారు. బాపమ్మ సగం రోజులు పెట్టుకుంటుంది, సగం రోజులు దిండు కింద పెడుతుంది. కానీ గది సరిచేయడం వృథా కాలేదు. మిషన్ కూడా గది ప్రతినాదాన్ని మాటతో పాటే పెంచి చెవికిస్తుంది కాబట్టి, పాడే గదిలో మిషన్ పెట్టుకున్నవాళ్లకు ఇబ్బంది ఇంకా ఎక్కువ.

పోయిన సెలవుల్లో 'బలగం' పెట్టాం. 2023లో వచ్చినప్పుడు ఊరంతా చూసింది, బాపమ్మ కూడా చూసింది కానీ అప్పుడు సగమే అందిందట. ఈసారి మొదటి నుంచి మాట్లాడుతూనే ఉంది. ఆ పెద్దాయన ఫలానా మన చుట్టంలా ఉన్నాడని, ఆ అల్లుడు గిట్ల అలుగుడు తప్పని, పదకొండో రోజు పద్ధతి మా ఊర్లో వేరే అని. చివరికి బాపు విసుక్కున్నాడు.

"జర ఊకో అమ్మా, మాటలు ఇననియ్యి."

అమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మీరు ఇంట్లో స్పీకర్లు కొనాలనుకుంటే వరుస ఇది: ముందు గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి. తర్వాత గోడలకు మెత్తదనం, తర్వాత మంచం, స్పీకర్ల చోటు. ఆ తర్వాతే పర్సు తీయండి. అన్నిటికంటే ముందు, మీ ఇంట్లో ఎవరు టీవీ గదిలోకి రావడం మానేశారో చూడండి. ఆ మనిషికి సరిపోయేదే మీ ఇంటికి సరైన స్పీకర్. నా 60 మాటల జాబితా కావాలంటే అడగండి, ఇస్తాను. మీ ఊరి పలుకుబడికి తగ్గట్టు మార్చుకోవడం మాత్రం మర్చిపోవద్దు.